గ్రుడ్డు పెట్టలేక బాధపడు కోడి
(రైతు సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పైరుల సంగతి చెప్పవలసినవాడను. సేద్యశాస్త్రము బోధించుట నా ఉద్యోగము. అటువంటివాడను ఈనాడు కోళ్ళను గురించి మాట్లాడుటకు ఒక కారణమున్నది. క్రిందటి ఖరీఫులో అనంతపురం జిల్లాలోని ఒక పల్లెలో వేరుశనగకు జిప్సము ఎందుకు వేయవలెనో చెప్పుచున్నాను. ఊడలు నేలలో దిగు వేళకు ఎకరమునకు 200 కిలోల జిప్సము మొక్కల మొదళ్ళ దగ్గర వేయవలెను. వేయనిచో కాయ పైకి బాగుగానే కనబడును గాని, లోపల గింజ నిండదు, లొట్ట కాయ అగును. ఎందుకనగా కాయ తనకు కావలసిన కాల్షియమును, అనగా సున్నపు పదార్థమును, వేళ్ళ ద్వారా గాక తన చుట్టునున్న మట్టి నుండియే తీసికొనును. ఇదంతయు చెప్పి కూర్చుండబోవుచుండగా వెనుక వరుసలోని ఒక పెద్దావిడ లేచినది.

"సారూ, శెనక్కాయ సంగతి బాగనే చెప్తివి. మా కోడి నిన్న పొద్దున్నుంచి గుడ్డు పెట్టలేక ముక్కతా ఉండాది. దానికేం సున్నం వేయాల?"

సభలోని వారందరు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. ఆమె వేళాకోళమునకు అడిగినట్లున్నను ప్రశ్న సరియైన చోటనే తగిలినది. అదియునుగాక, అటువంటి కోడి ఒకటి అంతకు మూడేండ్ల ముందు నా చేతిలోనే చచ్చినది. ఆ సంగతి తరువాత చెప్పెదను.

పెరటిలో పది కోళ్ళున్న ఇంట ఆ గ్రుడ్ల డబ్బు ఆడవారి చేతి డబ్బు. పిల్లవాని పుస్తకములకు, పండుగనాటి గాజులకు, ఎవరినీ అడుగనక్కరలేకుండ తీసి ఇచ్చునది అదే. కావున ఒక పెట్ట గ్రుడ్డు అడ్డుపడి చచ్చినదనగా మగవారు 'ఒక కోడి పోయింది' అని ఊరకొందురు గాని, ఆ ఇల్లాలికి అది చిన్న నష్టము కాదు.

ముందు గ్రుడ్డు ఎట్లు తయారగునో తెలిసికొందము. పెట్టకు ఎడమ ప్రక్కనున్న అండాశయము ఒక్కటే పని చేయును. కుడి ప్రక్కది పిల్ల దశలోనే ఎదుగుట మానివేయును. అండాశయమునుండి పచ్చసొన ఒక్కటి విడివడి, రెండడుగులకు పైగా పొడవు ఉండు గొట్టములో పడును. దీనిని అండవాహిక అందురు. ఆ గొట్టములో సుమారు మూడు గంటలు నడచుసరికి చుట్టును తెల్లసొన చేరును. మరి ఒక గంటకు పైగా పట్టి పలుచని పొర ఏర్పడును. అప్పటికది నీటి తిత్తి వలె మెత్తగా ఉండును. ఇక మిగిలినది పెంకు. ఈ పెంకు ఒక్కటే కట్టుటకు సుమారు 20 గంటలు పట్టును. మొత్తము పని 24 గంటలనుండి 26 గంటలలో ముగియును. పెంకు కట్టుపని ఎక్కువ భాగము రాత్రిపూట, అనగా కోడి మేత మేయక గూటిలో నిద్రించు సమయములో జరుగును. ఈ మాట గుర్తుంచుకొనవలెను, దీనితో ముందు పనియున్నది.

గ్రుడ్డు బరువులో సుమారు పదవ వంతు పెంకు. ఆ పెంకు దాదాపు అంతయు కాల్షియము కార్బొనేటే, అనగా సున్నపురాయిలోని పదార్థమే. 55 గ్రాముల గ్రుడ్డుకు 2 గ్రాముల కాల్షియము కావలెను. కోడి ఒంటిలోని ఎముకలన్నిటిలో కలిపి ఉండు కాల్షియము ఇంచుమించు 20 గ్రాములు. చూడుడు, ఒక్కొక్క గ్రుడ్డుతో తన ఒంటిలోని కాల్షియములో పదవ వంతును ఆ పక్షి బయటకు పంపుచున్నది. ఆవు పాలివ్వగా క్షీణించునని మనకు తెలుసు, దాణా పెట్టుదుము. కోడి క్షీణించుట కంటికి కనబడదు, అందుచేత ఎవరును పట్టించుకొనరు.

ఆ రెండు గ్రాములు ఎచ్చటినుండి వచ్చును? జొన్న, సజ్జ, మొక్కజొన్న గింజలలో కాల్షియము నూరు పాళ్ళలో పదవ వంతు పాలు కూడ ఉండదు. తవుడులోను అంతంత మాత్రమే. పైపెచ్చు తవుడులో భాస్వరము మిక్కిలి ఎక్కువ. అది ఉన్న కాస్త కాల్షియమును కూడ ఒంటబట్టనీయదు. కావున గింజలు, తవుడు, అన్నము మాత్రమే తిను పెట్ట రాత్రిపూట పెంకు కట్టుటకు తన ఎముకలను కరగించుకొనును. ఎముకలలోని నిలువ తీరగానే మొదట పెంకు పలుచనగును, తరువాత పెంకులేని తోలుగ్రుడ్డు వచ్చును. ఆ పైది గ్రుడ్డు రాకపోవుటయే. గ్రుడ్డును బయటకు నెట్టునది ఆ గొట్టపు గోడలలోని కండ. కండ ముడుచుకొనుటకు కూడ కాల్షియమే కావలెను. అది లేనిచో గ్రుడ్డు తయారైనను, నెట్టు బలము లేక, అక్కడనే నిలిచిపోవును. తోలుగ్రుడ్డయినచో మరింత చిక్కు. గట్టి గ్రుడ్డును కండ పట్టి నెట్టగలదు, మెత్తని తిత్తిని పట్టి నెట్టలేదు.

ఇట్లు చూచినచో ఆ పెద్దావిడ ప్రశ్నకు జవాబు జిప్సము కథకు దూరము కాదు. లొట్ట కాయలు పెరికిననాడు కనబడును గాని, లోపము జరిగినది రెండు నెలల ముందు. కోడి ముక్కుచు కూర్చుండుట నేటి సంగతి, లోపము వారముల నాటిది.

ఇక నా కోడి సంగతి. మేము ఉండు ఊరిలో కుక్కల బాధ ఎక్కువ. మా అమ్మ ఎనిమిది వనరాజా పెట్టలను పెంచుచుండెను. రాజేంద్రనగరులోని కోళ్ళ పరిశోధనా సంస్థవారు రూపొందించిన జాతి అది. పెరటిలో తిరిగి మేయుటకు ఉద్దేశించినది. కుక్కల భయమున నేను వాటిని చింతచెట్టు క్రింద వలగూటిలో పెట్టి, నూకలు, తవుడు కావలసినంత వేసితిని. మేత దండిగా పెట్టుటయే మేలని తలచితిని, చదువుకొన్నవాడి తెలివి! ఆ జాతి బరువెక్కు జాతి. కూర్చుని తినగా పొట్టలో క్రొవ్వు పేరుకొన్నది. చెట్టు నీడలో ఎండ తగులలేదు. ఎండ లేనిచో ఒంటిలో డి విటమిను తయారు కాదు, అది లేనిచో తిన్న కాల్షియము ఒంటబట్టదు. గుల్లలు వేయవలెనను ఊహయే నాకు లేదు. ఒకనాటి సాయంకాలము ఒక పెట్ట తోక వ్రాల్చి, కాళ్ళు ఎడముగా పెట్టి, ఊగుచు నిలుచున్నది. వెనుకనుండి చూడగా పెంకు అంచు కనబడినది. కనబడినది గదా అని వ్రేళ్ళతో లాగితిని. గ్రుడ్డు లోపలనే పగిలినది. పెంకు ముక్కలు గొట్టమును కోసినవి. మూడవనాడు అది చచ్చినది. మా అమ్మ ఒక్కటే మాట అన్నది: "చదువుకున్నవాడివి, కాస్త ఆగలేకపోయినావా నాయనా?"

కావున మొదట చేయకూడని పనులు చెప్పెదను. గ్రుడ్డును లాగకూడదు. సూదితో పొడిచి లోపలి సొన తీసివేయుదమని కొందరు పూనుకొందురు. అది వైద్యుడు చేయవలసిన పని, మనది కాదు. పొట్టను పిసుకకూడదు. ఇంకొకటి, పాలు చేపుటకని కొందరు పశువులకు దొంగచాటుగా పొడుచు సూదిమందు ఉన్నది గదా, దానిని కోడికి కూడ పొడుచువారిని చూచితిని. అది కండను బలవంతముగా ముడుచుకొనునట్లు చేయును. గ్రుడ్డు గోడకు అంటుకొనియున్నను, ద్వారము తెరుచుకొనకున్నను, గొట్టమే చీలిపోవును. వైద్యుడు చూచి, దారి తెరచియున్నదని తెలిసికొనిన తరువాత మాత్రమే ఇయ్యవలసిన మందు అది.

గ్రుడ్డు అడ్డుపడిన పెట్టను గుర్తించుట కష్టము కాదు. మాటిమాటికి గంపలోనికి పోయి వచ్చును, గ్రుడ్డు మాత్రము ఉండదు. మేత ముట్టదు. తోక వ్రాలును, రెక్కలు జారును. మలము రాదు, లేదా నీళ్ళగా కొద్ది కొద్దిగా వచ్చును. నోరు తెరచి ఎగవోయుచుండును. కొన్నిటికి కాళ్ళు పడిపోయినట్లగును. లోపలి గ్రుడ్డు నరములను ఒత్తుటవలన ఒకటి, కాల్షియము లేకపోవుటవలన మరొకటి. పొదుగుకు కూర్చున్న కోడి కూడ గంప వదలదు, కాని దానిని తాకబోయినచో ఈకలు నిక్కించి పొడువవచ్చును. బాధపడు కోడి మీది చేతికి ఎదురు తిరుగదు. ఇదే తేడా.

గ్రుడ్డు అడ్డుపడినదని తోచినప్పుడు ఒక తొట్టెలో గోరువెచ్చని నీళ్ళు పోయుడు. మోచేయి ముంచి చూచిన సుఖముగా ఉండవలెను, చుర్రుమనకూడదు. కోడిని పొట్ట మునుగునంతవరకు అందులో ఉంచి, రెక్కలపై చేతులు వేసి పట్టుకొని, 20 నిమిషములు కదలనీయకుడు. మొదట గింజుకొనును, తరువాత కనులు మూయును. వేడికి కండలు సడలును. తీసి బట్టతో తడి యొత్తి, ద్వారము చుట్టును, లోపలి అంచునను కొబ్బరినూనె గాని వాసలీను గాని రాయుడు. గోళ్ళు తీసిన, కడిగిన చేతితో సుమా. తరువాత గడ్డి పరచిన గంపలో పెట్టి, గోనె కప్పి, గాలి కొట్టని, చీకటిగా, వెచ్చగా ఉన్న మూల ఉంచుడు. వెచ్చదనమునకు దీపము పెట్టువారు పాతరకపు బల్బు పెట్టవలెను. ఈనాటి ఎల్.ఇ.డి. దీపము వెలుతురు ఇచ్చును గాని వేడిమి ఇయ్యదు. త్రాగుటకు నీరు దగ్గర పెట్టుడు. పశువైద్యశాలలో దొరకు ద్రవరూప కాల్షియమును వారు చెప్పిన కొలతలో ముక్కు ప్రక్కనుండి చుక్కచుక్కగా వేయవచ్చును. ఒక్కసారిగా పోసినచో ఊపిరితిత్తులలో పడి అదే ప్రాణము తీయును. రెండు మూడు గంటలు చూచి, రానిచో మరల ఒకసారి నీళ్ళలో ఉంచుడు. అప్పటికిని రానిచో వైద్యుని దగ్గరకు తీసికొనిపోవలెను. కోడి నీరసించి తల వాల్చియుండినచో, లేదా ఒక పగలు, ఒక రాత్రి అప్పటికే గడచియుండినచో, ఈ పనులతో కాలము పుచ్చక మొదటనే తీసికొని పోవలెను.

ఆ పెద్దావిడ కోడికి అప్పటికే ఒక పగలు, ఒక రాత్రి గడచినవి. అది ఆదివారము, పశువైద్యశాల మూసియున్నది. సభ కాగానే ఆమె ఇంటికి పోయి, ఇత్తడి బేసినులో నీళ్ళు పోసి కూర్చుంటిమి. రెండవసారి నీళ్ళలో ఉంచిన తరువాత, చీకటి పడుచుండగా గ్రుడ్డు పడినది. వ్రేలితో నొక్కగానే సొట్టపోయినది, పెంకు కాగితము వలె ఉన్నది. ఆమె దానిని దీపము దగ్గర పెట్టి చూచి, "ఇదేమి గుడ్డు సామీ, బూరలాగుండాది" అన్నది. ఆ కోడి నిలబడి నడచుటకు రెండు వారములు పట్టినదని తరువాత తెలిసినది. అన్ని కోళ్ళును బ్రతుకునని నేను చెప్పలేను. ఆలస్యమైనకొలది ఆశ తగ్గును.

ఇక ముందు జాగ్రత్త. ఆల్చిప్పలు, నత్తగుల్లలు, సముద్రపు గుల్లలు ఏవి దొరికిన అవి గింజంత పలుకులుగా దంచి, మేతలో కలుపక, వేరుగా ఒక మూకుడులో పెట్టుడు. గ్రుడ్లు పెట్టు కోడి తనకు కావలసినంత ఏరుకొని తినును, పెట్టని కోడి తినదు. కోడి తెలివి ఈ విషయములో మన లెక్కలకంటె మేలు. దినము విడిచి దినము పెట్టు నాటుకోడికి తక్కువ చాలును. దినదినము పెట్టు మేలుజాతి పెట్ట అయినచో 10 గ్రాముల వరకు అవసరము. మెత్తని పొడికంటె పలుకులు మంచివి, కడుపులో నిలిచి రాత్రి అంతయు కొద్దికొద్దిగా కరగును. పెంకు కట్టునది రాత్రి అని చెప్పితిని గదా, అందుకే మూకుడును మధ్యాహ్నము దాటిన తరువాత నింపి పెట్టుట మంచిది. గుల్లలు దొరకనివారు ఇంటిలో వాడిన గ్రుడ్డు పెంకులను పెనముపై బాగుగా వేయించి, ఆనవాలు తెలియకుండ నలిపి పెట్టవచ్చును. నలుపక వేసినచో గ్రుడ్డు రుచి తెలిసి పొడుచుకొని తినుట నేర్చుకొనును. పలుచని పెంకు గ్రుడ్లు గంపలో పగులుటవలన కూడ ఈ దురలవాటు పుట్టును. ఇక పొడిసున్నము వేయవచ్చునా అని అడుగువారున్నారు. నోరు, గొంతు కాలును, వలదు.

అయితే గ్రుడ్లకు రాని పిల్లలకు ఈ గుల్లలు, గ్రుడ్ల కోళ్ళ దాణా పెట్టకూడదు. గ్రుడ్ల దాణాలో నూటికి మూడున్నర, నాలుగు పాళ్ళు కాల్షియము ఉండును. పిల్లలకు ఒక పాలు చాలును. మిగిలినది మూత్రపిండములను చెడగొట్టును. పెట్ట గ్రుడ్లకు సిద్ధమైనదో లేదో తోక క్రిందనున్న రెండు ముల్లు ఎముకల నడుమ వ్రేళ్ళు పెట్టి చూచుడు. రెండు మూడు వ్రేళ్ళు పట్టినచో సిద్ధము, ఒక్కటియే పట్టినచో ఇంకను కాలమున్నది. కాలము రాకముందే దీపములు పెట్టి తొందరపెట్టినచో చిన్న ఒంటికి పెద్ద గ్రుడ్డు వచ్చి అడ్డుపడును, లేదా గ్రుడ్డుతో పాటు గొట్టము కూడ బయటకు వచ్చును. ఎర్రగా కనబడు ఆ కండను తక్కిన కోళ్ళు పొడిచి చంపును. వెంటనే వేరుచేసి, చల్లని శుభ్రమైన నీటితో కడిగి, తడిబట్ట కప్పి వైద్యుని దగ్గరకు తీసికొని పోవలెను. బాగైనను మరల మరల వచ్చుచున్న కోడిని గ్రుడ్లకు ఉంచుకొనుట దండుగ.

వెలుతురును గూర్చి ఒక్క మాట. పూర్తిగా గ్రుడ్లమీదనున్న కోడికి దినమునకు 14 నుండి 16 గంటల వెలుతురు కావలెను. మన ప్రాంతమున పుష్యమాసములో పగలు పదకొండు గంటలకు కొంచెము మించును. అప్పుడు గ్రుడ్లు తగ్గుట రోగము కాదు. పెరటి కోడికి ఆ విశ్రాంతి మంచిదే, ఎముకలలో నిలువ చేరును. వైశాఖ జ్యేష్ఠములలో పెంకు పలుచనగుటకు కారణము వేరు. ఎండకు కోడి నోరు తెరచి ఎగవోయును. ఆ ఎగపోతలో ఒంటిలోని బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా పోవును. పెంకులోని కార్బొనేటు దానినుండియే తయారుకావలెను. కావున గుల్లలు పెట్టినను పెంకు పలుచగానే ఉండవచ్చును. మేత తెల్లవారుజామున, చల్లపూట పెట్టి, కుండనీళ్ళు నీడలో ఉంచుటకంటె అప్పుడు చేయగలిగినది తక్కువ.

ఒక కోడికి మాత్రమే ఇట్లు జరిగినచో ఆ కోడి లోపము. ఒకే వారములో నాలుగైదు కోళ్ళు ముడుతల పెంకులు, తోలుగ్రుడ్లు పెట్టినచో, గ్రుడ్లు చప్పున పడిపోయినచో, రోగమని అనుమానింపవలెను. కొక్కెర తెగులు, అనగా రాణిఖెత్ తెగులు, టీకా వేసిన కోళ్ళలో చంపకపోయినను గ్రుడ్లమీద దెబ్బ తీయవచ్చును. పిల్లలకు వారములోపు లసోటా చుక్కలు, ఎనిమిదవ వారమున ఆర్.2.బి. టీకా మానకూడదు. ఉన్నట్లుండి కోళ్ళు వరుసగా చచ్చుచున్నచో గూడు శుభ్రము చేయుటకు కూడ పూనుకొనక పశువైద్యశాలకు చెప్పుడు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ వచ్చినది మీకు గుర్తుండును.

ఒక కుర్రవాడు ఇంటిలో లవ్ బర్డ్స్ పెంచుచున్నాననియు, ఆడది జోడు లేకయే గ్రుడ్లు పెట్టి పెట్టి నీరసించుచున్నదనియు చెప్పినాడు. మన ప్రాంతమున ఆ పేరుతో అమ్మునవి చాలవరకు ఆస్ట్రేలియా దేశపు చిన్న చిలుకలు. కోడివలెనే వాటికిని మగది లేకయే గ్రుడ్డు వచ్చును, పిల్ల మాత్రము కాదు. కొర్రలు, సామలు తప్ప వేరు ఎరుగవు గనుక కాల్షియము లోపము వీటికి మరింత ఎక్కువ. పచారీ కొట్లలో సముద్రపు నురుగు అని అమ్మునది కటిల్ చేప ఒంటిలోని ఎముక. అది ఒక ముక్క పంజరమునకు కట్టిన గీకుకొని తినును. పెట్టిన గ్రుడ్లు తీసివేయకూడదు. తీసినకొలది లెక్క తగ్గినదని మరల పెట్టును. కొన్నాళ్ళు వదలివేసినచో తానే విసిగి మానును. గూటిపెట్టె తీసివేసి, సాయంకాలమే పంజరముపై గుడ్డ కప్పి, వెలుతురు పది గంటలకు తగ్గించుడు. 40 గ్రాములు కూడ లేని పిట్టకు గ్రుడ్డు అడ్డుపడినచో రేపటిదాక ఆగుటకు లేదు, గంటలలో చచ్చును. వెచ్చగా పెట్టెలో పెట్టుకొని తిన్నగా వైద్యుని దగ్గరకు పోవలెను.

రామచిలుకను పెంచుచున్నానని మరొకరు లేచిరి. 1972 నాటి వన్యప్రాణి చట్టము ప్రకారము దానిని పంజరములో పెట్టుటయే నేరము. కావున దాని గ్రుడ్ల సంగతి నన్ను అడుగవద్దని చెప్పితిని.